అతిమధురం తెచ్చిన బీపీ

ఆ రోజుల్లో నాకు లోకంలో భయమంటూ ఉంటే అది మెడికల్ టెస్టంటేనే. గల్ఫ్‌లో మంగఫ్ అనే ఊళ్ళో లేబర్ క్యాంపు, తెల్లారేసరికి కంపెనీ బస్సు, పగలంతా రిఫైనరీలో పరంజాల పని. హెల్పర్‌గా ఇనుప పైపులు మోసీ మోసీ, చివరికి పైకెక్కి పరంజా కట్టే స్కాఫోల్డర్‌నయ్యాను. ఎత్తులో పనిచేసేవాళ్ళకి కంపెనీ ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించేది. అందులో 'అన్‌ఫిట్' అని తేలితే కింద ఇంకో పని చూపించేవాళ్ళు కాదు. ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, అదే ఇఖామా, రెన్యూ చెయ్యరు, ఖలాస్, సామాను సర్దుకోవడమే. (సర్దుకుని వెళ్తే కొంప మునిగేదేముందని ఇప్పుడనిపిస్తుంది గానీ, అంతకుముందు సెలవుకెళ్ళినప్పుడు అమలాపురంలో కనబడ్డవాళ్ళందరికీ నా ఉద్యోగం ఎంత ఎత్తులో ఉంటుందో చెయ్యెత్తి మరీ చూపించి వచ్చినవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని దిగను?)

ఆ ఏడు దుమ్ముగాలులు మరీ ఎక్కువ. నాకు దగ్గు పట్టుకుంది, ఎంతకీ వదలదు. పక్క గదిలో చైనా నుంచి వచ్చిన వెల్డరొకాయన ఉండేవాడు. ఆయనకి మా భాష రాదు, మాకు ఆయన భాష రాదు, అందుకని ఎదురైనప్పుడల్లా ఒకటే నవ్వు. మేమంతా 'నవ్వులాయన' అనేవాళ్ళం. నా దగ్గు వినలేక కాబోలు, ఒకరోజు ఒక సంచీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాన్నిండా ఏదో వేరుని ఏటవాలుగా తరిగిన బిళ్ళలు. చుట్టూ గోధుమరంగు బెరడు, లోపల లేత పసుపు, బండిచక్రం ఆకుల్లాగా మధ్యనుంచి అంచుకి గీతలు. నోట్లో వేసుకుంటే ముందు మట్టివాసన, ఆ తర్వాత గంటైనా పోని తీపి. నా గదిలో ఉండే రాజోలు బాబాయి (వరస కాదు, వయసుని బట్టి పిలుపు) ఒకటి కొరికి చూసి, "ఒరే, ఇది మన అతిమధురంరా! గొంతు పట్టేస్తే మా అమ్మ సాన మీద అరగదీసి నాకించేది" అన్నాడు. దగ్గు తగ్గింది. అలవాటు తగ్గలేదు. బస్సులో చప్పరించడం, పరంజా మీద చప్పరించడం, గదికొస్తే కెటిల్‌లో వేసి మరిగించి గ్లాసులకి గ్లాసులు తాగడం. పంచదార ఖర్చు కూడా లేదని సంబరమొకటి.

కొన్నాళ్ళకి సేఫ్టీ బూట్లు బిగుతయ్యాయి. పొద్దున్నే లేస్తే మొహం పొంగిన పూరీలా ఉండేది. నిచ్చెనెక్కుతుంటే తొడలు దూదిపింజల్లా తేలిపోయేవి. బాబాయి నా కాలిమీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది, పడింది పడినట్టే ఉండిపోయింది. "అయిబాబోయ్, కిడ్నీలురా! మా తోడల్లుడికీ ఇలాగే మొదలైందండీ బాబూ" అన్నాడు. (నన్ను 'అండీ' అన్నాడంటే ఆశ వదులుకున్నాడన్నమాట.) ఆ తోడల్లుడు తర్వాత ఏమయ్యాడో అడిగే ధైర్యం లేకపోయింది. సరిగ్గా అప్పుడే ఫిట్‌నెస్ పరీక్షకి పిలుపొచ్చింది.

క్లినిక్‌లో ఈజిప్టు డాక్టరు చేతికి పట్టీ కట్టి గాలి కొట్టి, అంకె చూసి, మళ్ళీ కొట్టి చూశాడు. "ఈ వయసులో ఇంత బీపీయా? వారం ఆగి రా. అప్పుడూ ఇలాగే ఉంటే పైకెక్కనివ్వను" అన్నాడు. ఆ వారం నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. ఉప్పు మానేశాను. పచ్చడి సీసా బాబాయి మంచం కిందకి తోసేశాను. తెలిసిన దేవుళ్ళకే కాదు, తెలియని దేవుళ్ళకి కూడా మొక్కుకున్నాను. మనసు నెమ్మదించడానికి, మూలిక కదా మంచిదేనని, అతిమధురం కషాయం రెట్టింపు తాగాను. వారమయ్యాక బీపీ ఇంకా పెరిగింది.

డాక్టరు తల పట్టుకుని, రక్తపరీక్షకి పంపించాడు. ఫలితం వచ్చేదాకా బయట కూర్చున్నాను. ఇక అయిపోయింది, ఊళ్ళో ఏం చెప్పాలి, బూట్లు ఎవరికిచ్చెయ్యాలి అని ఒకటే ఆలోచన. దవడ మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. పిలిచేసరికి నోట్లోది మింగలేక, ఉమ్మలేక, అలాగే లోపలికెళ్ళాను.

"పొటాషియం బాగా పడిపోయింది. మాత్రలేమైనా వాడుతున్నావా?"

"ల్లే... దు."

"నోట్లో ఏంటది?"

జేబులోంచి ఇంకో బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన వాసన చూసి, కుర్చీలో వెనక్కి వాలి, "యా సలాం! ఇర్క్‌సూస్!" అని గదంతా దద్దరిల్లేలా నవ్వాడు. "మా దేశంలో రంజాన్‌కి దీంతో షర్బత్ చేస్తారు. ఇది చైనాది, మా దానికి అన్నదమ్ముడు. రోజుకెంత తింటావు?" అన్నాడు. చెప్పాను. నవ్వాపేశాడు.

అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. ఇది మన కంది, శనగల కుటుంబం మొక్కేనట. ఈనెకి రెండు వైపులా చిన్నాకులు, ఊదారంగు పూలు, కాయలు కూడా కాస్తాయట. మనిషికి కావలసిందంతా భూమిలో పాకే వేరులో ఉంటుంది. అందులో గ్లైసిరైజిన్ అనే పదార్థం, పంచదారకన్నా ఎన్నో రెట్లు తీపి. మన ఒంట్లో కార్టిజాల్ అని ఒక హార్మోన్ ఉంటుంది. అది కిడ్నీ మీద పెత్తనం చెయ్యకుండా అక్కడ ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. గ్లైసిరైజిన్ ఎక్కువైతే ఆ కాపలా పడిపోతుంది. కిడ్నీ ఉప్పునీ నీళ్ళనీ పట్టేసుకుని, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. అందుకే వాపు, అందుకే బీపీ, అందుకే తేలిపోయే కాళ్ళు.

"అయితే నా కిడ్నీలు..."

"బంగారంలా ఉన్నాయి. నువ్వే వాటిని బతకనివ్వడం లేదు. దీన్ని మానెయ్, చెప్పిన మాత్రలు వేసుకో, తగ్గేదాకా కిందే పనిచెయ్."

గదికొచ్చి చెబితే బాబాయి గాఢంగా నిట్టూర్చి, ముందు పచ్చడి సీసా బయటికి తీసుకున్నాడు. నవ్వులాయనకి సైగలతో నేను తిన్న లెక్క చూపించాను. ఆయన నవ్వలేదు. (మొదటిసారి.) కంగారుగా రెండు వేళ్ళు దగ్గరపెట్టి, "లిటిల్, లిటిల్!" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో వైద్యుడు వేరే మూలికల మధ్య చిటికెడు వేస్తాడే తప్ప, ఎవరూ చెరుకులా నమలరని తర్వాత తెలిసింది.

కొన్ని వారాలకి వాపు దిగింది, అంకె దిగింది, డాక్టరు 'ఫిట్' అన్నాడు. మర్నాడు పరంజా చిట్టచివరికెక్కి, దూరాన మెరుస్తున్న సముద్రం వైపు తిరిగి, ఒంటిచేత్తో పైపు పట్టుకుని ఈల వేశాను. కిందనుంచి బాబాయి, "దిగరా నాయనా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి!" అని ఒకటే కేకలు. అంత ఎత్తున గాలికి ఊగుతూ నిలబడ్డవాడు చేతికి కట్టిన చిన్న పట్టీకి ఎంత వణికాడో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడు బల్బు మార్చడానికి నేను స్టూలెక్కితే మా ఆవిడ రెండు చేతులా పట్టుకుంటుంది. వద్దని పైకి అంటాను గానీ, వదిలేస్తుందేమోనని లోపల భయంగానే ఉంటుంది.