బూటు మీద నిద్ర

సెల్‌ఫోను కొన్నవాళ్ళు బస్సంతా వినబడేలా మాట్లాడే ఆ రోజుల్లో, గొంతు పెద్దదైతే ఎంత పనైనా అయిపోతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. డిగ్రీ అయి ఏలూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరాను. కొల్లేటి పక్కన ఒక ఊళ్ళో అంగన్‌వాడీకి సొంత గది మంజూరు చేయించడం నాకు అప్పగించిన మొదటి పని. ఆ పిల్లలు అప్పటిదాకా ఒక ఆసామి గారి వలల షెడ్డులో కూర్చునేవారు. చేపలు పట్టే రోజు వచ్చిందంటే వలలూ ఐసు పెట్టెలూ లోపలికి, పిల్లలు బయటికి. అమ్మ కూలికి పోతుంది కాబట్టి ఆ రోజు బొమ్మిడాయిని (చేపలా ఒక్కచోట నిలవదని ఆ మూడేళ్ళ పిల్లకి మేం పెట్టుకున్న పేరు) వాళ్ళక్క బడి మానేసి చంకనేసుకుని తిరిగేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అందుకని పిల్లలకి నినాదం నేర్పాను. నేను "మా గది" అంటే వాళ్ళు "మాకివ్వాలి" అనాలి. షెడ్డు అదిరిపోయేలా అనేవారు. అంగన్‌వాడీ ఆయమ్మని వెంటబెట్టుకుని, అందరినీ ట్రక్కు ఆటో ఎక్కించి ఏలూరులో పెద్దాఫీసరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం దాకా వరండాలోనే ఉంచారు. ఆయమ్మ తెచ్చిన పెరుగన్నం అక్కడే తినిపించి మూతులు తుడిచింది. అప్పుడొచ్చింది పిలుపు, అందరం లోపలికెళ్ళాం.

"మూడేళ్ళ పిల్లలకి చదువేంటమ్మా? ఒకటో తరగతిలో చేరాక చూద్దాం. ముందు బడ్జెట్ రానివ్వండి" అన్నారాయన. నేను పిడికిలెత్తి "మా గది!" అన్నాను. వెనక్కి తిరిగి చూద్దును కదా, చల్లటి గచ్చు మీద, ఫ్యాను కింద, రోజూ అన్నాలయ్యాక పడుకున్నట్టే తువ్వాళ్ళు పరుచుకుని అందరూ నిద్రపోతున్నారు! బొమ్మిడాయి బల్ల కింద దూరి ఆఫీసరు గారి బూటు మీద తల పెట్టుకుంది.

"ఆయమ్మా, లేపండి" అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ.

"ఇప్పుడు లేపితే ఏడుస్తారండి. ఒకళ్ళు మొదలెడితే అందరూ అందుకుంటారండి."

"వద్దొద్దు, పడుకోనివ్వండి" అన్నారు ఆఫీసరు గారు కంగారుగా, గుసగుసగా. ఇక ఆ మధ్యాహ్నమంతా గుమాస్తాలు మునివేళ్ళ మీద నడిచారు. గట్టిగా మాట్లాడబోయిన కంట్రాక్టరు గారిని బిళ్ళ బంట్రోతు నోటి మీద వేలేసి బయటికి పంపాడు. ఆఫీసరు గారు కాలు కదపలేరు, నేను అరవలేను. చేసేదేం లేక వలల సంగతి, ఐసు పెట్టెల సంగతి, బూటు మీద పడుకున్న పిల్ల వాళ్ళక్క సంగతి మెల్లగా చెప్పుకొచ్చాను.

"మరి ఈ పిల్ల ఇక్కడుందిగా, వాళ్ళక్క ఇవాళ బడికెళ్ళిందా?" అని అడిగారాయన.

"వెళ్ళిందండి."

ఆయన వంగి బూటు వంక కాసేపు చూసి, మా ఫైలు దగ్గరికి లాక్కున్నారు.

గది వచ్చింది (సర్కారు గది కదా, తాపీగానే వచ్చింది). ప్రారంభం నాటికి బొమ్మిడాయి రెండో తరగతి. పుస్తకాల సంచీతో కిటికీలోంచి తొంగి చూసి, "అక్కా, మేం అడిగిన గది ఇదేనా? ఒక్కసారి పడుకోనాండి?" అని నన్నడిగింది. రమ్మన్నాను. పసిపిల్లల మధ్య పడుకుంటే కాళ్ళు చాప దాటిపోయాయి. రాసుకొచ్చిన పెద్ద ఉపన్యాసం మడిచి సంచిలో పెట్టేశాను.

చిన్నపిల్లల చదువుకి సర్కారు డబ్బు పెట్టాలని ఇప్పటికీ సభల్లో అడుగుతూనే ఉన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. "మేడమ్, వినబడ్డం లేదండి" అంటారు వెనక వరసవాళ్ళు. నేనేమో బల్ల కింద ఎవరైనా పడుకున్నారేమోనని ఓసారి చూసుకుంటాను.