విమల మేడమ్, బారాలాచా కనుమ

ఈ ఉదయం నిజామాబాద్‌లో మా సందులో ఎవరో పాత మోటార్ సైకిల్ స్టార్ట్ చేస్తున్నారు. చోక్ లాగి ఎన్ని కిక్కులు కొట్టారో, చివరికి నల్లటి పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. కాలీకాలని పెట్రోలు వాసన గొంతులో తగిలేసరికి, చేతిలో టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. పదేళ్ల కిందట హిమాలయాల్లో రోహ్‌తాంగ్ కనుమ ఎత్తున, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, ఇదే వాసన మధ్య విమల మేడమ్ పక్కన కూర్చున్నాను.

బోధన్‌లో నేను చదివిన బళ్లో ఆమె ఆటలు నేర్పే పీఈటీ మేడమ్. ధర్పల్లిలో పసుపు పండించే ఇంటి ఆడపిల్ల. కబడ్డీ నేర్పింది, తర్వాత నన్నూ పీఈటీ చదువుకే పంపింది. చెరకు ట్రాక్టర్ల మధ్యలోంచి పాత బుల్లెట్ మీద బడికి వచ్చేది. యాభై దాటాక, ఆ బండి మీదనే లదాఖ్ పోతానంది. "మేడమ్, మీ బండి డిచ్‌పల్లి దాటదు" అని స్టాఫ్ రూమంతా నవ్విందట. ఆమె వాదించలేదు. ఎండాకాలం వచ్చేదాకా ప్రతి ఆదివారం నిజామాబాద్ బస్టాండ్ దగ్గరి మెకానిక్ పక్కన కూర్చుని, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ విప్పడం, బిగించడం నేర్చుకుంది. ఒకరోజు నాకు ఫోన్ చేసి, "లతా, నాతోని అస్తవా? ఇద్దరం మార్చి మార్చి నడుపుదాం" అంది. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, ధైర్యమూ అంతంత మాత్రమే. అయినా వస్తానన్నాను.

నాగ్‌పూర్ దాటినా, ఢిల్లీ దాటినా బండి పేచీ పెట్టలేదు. మనాలి దాటి రోహ్‌తాంగ్ ఎక్కేటప్పుడు మాత్రం దాని ప్రాణం పోయినట్టయింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా కదలదు, వెనక నల్లటి పొగ. ఒక మలుపులో ఆగిపోయింది. నేను చోక్ మీద చెయ్యి వేయబోతే మేడమ్ ఆపింది.

"అది ముట్టకు, పెట్రోలు ఇంకా ఎక్కువైతది. ఈడ గాలి పల్చగున్నది. పెట్రోలేమో మనూర్ల అచ్చినంతనే అస్తున్నది. గది కాలుతలేదు, గందుకే గీ పొగ."

స్పార్క్ ప్లగ్ విప్పితే మసి పట్టి కాటుకలా ఉంది. తుడిచి పక్కన పెట్టింది. లోపల పెట్రోలు వదిలే చిన్న ఇత్తడి జెట్ కిందపడితే దొరకదని ముందు తువాలు పరిచి, ఆ తర్వాత కార్బురేటర్ విప్పింది. పెట్రోలు వచ్చే రంధ్రం ఇంకా సన్నగా ఉండే జెట్ ఇంటి నుంచే తెచ్చింది, పాతదాని చోట దాన్ని బిగించసాగింది. వేళ్లు పట్టు తప్పినప్పుడల్లా చంకలో పెట్టుకుని వెచ్చబరచుకుంటూ, మళ్లీ మొదలుపెట్టేది. చివరికి బండి స్టార్టయింది. మనూరిలో ఉన్నంత బలం రాలేదు కానీ పొగ పోయింది, ఎత్తు ఎక్కింది.

అవతలి లోయలో ఉన్న కేలాంగ్‌లో రాత్రి ఆగి మర్నాడు ఇంకా ఎత్తైన బారాలాచా కనుమకు బయలుదేరాం. బండి బాగానే లాగుతోంది. కానీ వెనక కూర్చున్న మేడమ్ మాట్లాడటం మానేసింది. ఆపి చూస్తే పెదాలు పాలిపోయి ఉన్నాయి. దిగగానే వాంతి చేసుకుంది, తల పగిలిపోతోందంది. కనుమ కళ్లముందే కనిపిస్తోంది.

"కొంచెం దూరమే మేడమ్. బండి మంచిగనే పోతున్నది గదా" అన్నాను.

ఆమె రాయి మీద కూర్చుని నన్ను చూసింది. "బండికి జెట్ మార్చినం. నాకేం మారుస్తవ్? తిప్పు బండి."

కబడ్డీ కోర్టులో మోకాలు చీరుకుపోయినా బయటికి రాని మనిషి ఆమె. దారంతా ఏడుపొచ్చింది నాకు, ఇక ఇంటికే అనుకున్నాను. కిందికి దిగి కేలాంగ్ చేరేసరికి ఆమె తలనొప్పి సగం తగ్గింది. దవాఖానాలో డాక్టరు, ఒక్కసారిగా అంత ఎత్తు ఎక్కడం వల్లే ఇలా అయిందని, విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆమె బుద్ధిగా పడుకుంది, నీళ్లు తాగింది, రోజూ మెల్లగా ఊరి చివరిదాకా నడిచింది. ఇంటికి తిరిగి వెళ్దామని ఒక్కసారి కూడా అనలేదు. డాక్టరు సరేనన్నాక సంచీ సర్దుతూ, "పా, ఈసారి దారిల ఇంకో రాత్రి ఆగుకుంట పోదాం" అంది.

అలాగే వెళ్లాం. చివరి ఎత్తులో బండి మొదటి గేరులోనే మూలుగుతూ నడిచింది. పైన మంచు గోడల మధ్య ఆమె ఒక్కసారి గట్టిగా నవ్వి, ఫోటో దిగకుండానే "నడువు, ఈడ శానసేపు ఉండొద్దు" అని నా భుజం తట్టింది. లేహ్ చూసి, మళ్లీ మనాలి దిగాక, మొదట ఆమె చేసిన పని పాత జెట్ బిగించడం. లేకపోతే కింద ఇంజను వేడెక్కిపోతుందంది.

ఇప్పుడు నేను జక్రాన్‌పల్లి వైపు ఒక బళ్లో పీఈటీని. మొన్న కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్లే మా రైడర్ అమ్మాయి ఊపిరాడక వంగిపోతే బయటికి పిలిచాను. దాని కళ్లనిండా నీళ్లు.

"నన్ను తీసేసిండ్రా మేడమ్?"

"తీసెయ్యలె. కూసో. నీళ్లు తాగు. ఊపిరి నిమ్మళమైనంక చెప్పు."

ఊపిరి కుదుటపడ్డాక అది లేచి నిలబడి, నా వైపు చూసి తల ఊపింది. మళ్లీ కోర్టులోకి పంపించాను.