గొడుగుల ఇల్లు, అత్త మూట

నల్లమల అడవి. నిప్పులు కురిసే చైత్రమాసం. అడుగు కనిపించని లోయ. ఇల్లును వీపున కట్టుకుని ఆ లోయలోకి దిగిన ఒక వీరనారి, ఆమె వెనకే ప్రాణాలకు తెగించి నడిచిన ఒక యువకుడు. మీరు చదవబోయేది వాళ్లిద్దరి మహాగాథ.

ఇలా మొదలుపెట్టాలని ఎప్పటినుంచో కోరిక. కానీ ఆ వీరనారి గద్వాలలో ఉండే మా మేనత్త. ఆ యువకుడిని నేను. ప్రాణాలదాకా రాలేదు, చెప్పులు మాత్రం తెగాయి. ఒక బొంత బరువు తగ్గించడానికి నేను పడిన తిప్పలు తప్ప ఇందులో ఏమీ లేదు. లోయ మాత్రం నిజం.

అత్త మగ్గం మీద చీరలు నేసేది. ఒక ఏడాది ఆటోలోంచి పడి కాలు విరిగింది. గుంటలో కూర్చుని కాళ్లతో మగ్గం తొక్కే మనిషికి కాలు విరిగితే ఇక నోరు తప్ప ఏదీ ఆడదు. ఆ నోటితోనే మొక్కుకుంది, కాలు బాగైతే సలేశ్వరం లింగమయ్య దగ్గరికి నడిచి వస్తానని. లింగాల దాటి అడవిలో రాళ్లమీద నడిచి, ఆఖరున నిట్టనిలువు లోయ దిగితే, జలపాతం పక్కన గుహలో ఉంటాడాయన. చైత్ర పౌర్ణమికి జనం పోతారు. కాలు బాగైంది. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు, ఇరుక్కున్నది అత్త.

మొదటి ఏడాది బొంత, వేరుశనగలు ఆరబోసే పట్టా, దుప్పటి, చెంబు అన్నీ ఒకే మూట కట్టి నెత్తిన పెట్టుకుని పోయింది. మొక్కున్న మనిషి తన మూట తనే మోయాలని ఆమె పట్టుదల. ఏ పురాణంలో ఉందో తెలియదు. వాళ్లమ్మ చెప్పిందట, అంతే. లోయ అంచుకు వచ్చేసరికి మోకాలు వణికి ఒక బండ మీద కూలబడింది. దిగేవాళ్లు "వత్తన్నం లింగమయ్యో" అని కేక వేసి దిగారు. ఎక్కి వచ్చేవాళ్లు "పోతున్నం లింగమయ్యో" అని కేక వేసి పోయారు. ఈ రెండు కేకల్లో తనకు ఏది వర్తిస్తుందో తెలియక అత్త పొద్దు వాలేదాకా నోరు మూసుకుని కూర్చుంది. మా వంశంలో అదొక రికార్డు.

ఇంటికి వచ్చి ఒకటే మాట అంది. "ఇంకొక్కసారి పోత. ఈసారి గూడ దిగకపోతే, ఇగ ఆయన్నే గద్వాలకు రమ్మంట."

నవ్వుతూనే అంది. ఆ తర్వాత మోకాలు రుద్దుకుంటూ కూర్చుంది.

"బొంత ఇంట్లనే పెట్టి పోరాదు అత్తా?" అన్నాను.

"బండ మీద పంటె తెల్లారి ఈ కాలు నా మాట ఇంటదా? గాలివాన వస్తె పట్టా వద్దా? నువ్వేమన్న గొడుగు పట్టుకోని నిలవడుతవా రాత్రంత?"

గొడుగు అన్న మాట ముందు అన్నది ఆమే. తర్వాత ఒప్పుకోలేదు.

అప్పుడు నేను వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను, అంటే వనపర్తిలో ఉంటున్నాను. ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులు. ఉద్యోగాలు వెతుకుదామని కూర్చుని, మంచుకొండ మీద నిలబడ్డ ఒక తెల్లాయన ఫోటో దగ్గర ఆగిపోయాను. ఆయన డేరా, పరుపు, దుప్పటి మూడూ కలిసి అత్త నీళ్ల చెంబంత కూడా బరువు లేవట. ధర చూశాను. ఆ డబ్బుతో అత్తను హెలికాప్టర్లో దింపి, పూజారికి కూడా ఒక రౌండు తిప్పవచ్చు. కానీ చూసినందుకు గంట అద్దె తప్ప ఏమీ అడగలేదు కదా! ఉద్యోగాలు అక్కడే వదిలేసి గదికి పరుగెత్తాను. ఇల్లు మనమే కుట్టుకోవచ్చు. నీళ్లు దిగని పల్చటి బట్ట ఊరంతా ఉంది, చువ్వలు విరిగి, మూలన పడి.

గది కింద ఆటోలకు హుడ్లు, సీట్లు కుట్టే చాచా దుకాణం ఉండేది.

"చాచా, గొడుగు బట్టతోని ఇల్లు కుట్టాలె."

చాచా మిషను ఆపలేదు. "ఎందరికి?"

"ఒక్క మనిషికి."

"గొడుగే ఇయ్యరాదు మరి?"

మొత్తం చెప్పాక మిషను ఆపాడు. మోకాలి సంగతి రెండుసార్లు అడిగాడు. ఆయనకూ మోకాళ్లున్నాయి. "తే, చూద్దాం" అన్నాడు.

కొన్నాళ్లలో వనపర్తిలో విరిగిన గొడుగు అన్నది లేకుండా చేశాను. అందులో ఒకటి విరగలేదని తర్వాత తెలిసింది. నాతో గదిలో ఉండే మిత్రుడు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంటాడు. బట్టలన్నీ విప్పి, మూడుమూలల ముక్కలుగా కోసి చాచా ముందు కుప్ప పోశాను. గొడుగు ఎలా ఉంటుందో అలాగే, మొనలన్నీ ఒకచోటికి చేర్చి ఆయన చకచకా కుట్టేశాడు. అన్ని ముక్కలు ఒక్క మొన చుట్టూ చేరితే ఏమవుతుందో ఇద్దరం ఆలోచించలేదు. కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా ఏదో తయారైంది.

"ఇది ఇల్లు గాదు చాచా, లంగా."

"మీ అత్తకే గద? పనికొస్తది తీస్కపో."

ఒక ముక్క మొన పైకి, పక్క ముక్క మొన కిందికి పెట్టి కలిపితే సాపుగా పట్టీ వస్తుందని తర్వాత తట్టింది. ముందు తనకే తట్టిందని చాచా, కాదు నాకేనని నేను. సీటు కుట్టించుకోవడానికి వచ్చిన ఆటో ఆయనను తీర్పు చెప్పమన్నాం. "ఫస్టు నా సీటు ఎప్పుడైతదో చెప్పుండ్రి" అన్నాడాయన. పట్టీలు పట్టీలు కలిపి పెద్ద పరదా చేసి, కుట్ల మీద కొవ్వొత్తి అరగదీసి, నాలుగు మూలలకు నైలాన్ తాళ్లు కట్టాం. రెండు చేతికర్రలు నిలబెట్టి పరదాను వాటి మీద వేసి, తాళ్ల చివరలు రాళ్లకింద నొక్కితే అదే ఇల్లు. చాచా లోపల కూర్చున్నాడు, నేను పైన బకెట్ నీళ్లు పోశాను.

"చుక్క పడలే!" అని లోపలినుంచి కేక. ఆయన గొంతులో అంత సంతోషం ఆటో హుడ్ల విషయంలో ఎన్నడూ వినలేదు. కాళ్లు బయటే మరిచిపోయాడు కాబట్టి అవి మాత్రం తడిశాయి.

పరుపు నాగర్‌కర్నూల్‌లో దొరికింది. ఏదో పని మీద పోతే, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణం ముందు చెత్తలో తెల్లటి మెత్తటి ఫోమ్ కనిపించింది. కొత్త ఫ్రిజ్‌కు దెబ్బ తగలకుండా చుట్టి పంపుతారే, అది. ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

"ఫ్రిజ్ చూస్తవా తమ్మీ?" అన్నాడు దుకాణదారు ఆశగా.

"వద్దన్నా, దాని దుప్పటి కావాలె."

ఆయన నన్ను జాలిగా చూసి ఊరికే ఇచ్చేశాడు. చాపలా చుట్టి బస్సెక్కితే కండక్టరు ఆపాడు.

"ఏముంది దీంట్ల?"

"ఏం లేదు."

"ఏం లేకుంటె గింత లావెందుకున్నది?"

నేను దాన్ని ఒక వేలు మీద నిలబెట్టి చూపించాను. వెనక సీట్ల వాళ్లు చప్పట్లు కొట్టారు. టికెట్ అడగలేదు.

ఇక కప్పుకునేది. అంచు రంగు కుదరలేదని చీరలు కొనే సేటు తిప్పి పంపిన నూలు చీర ఒకటి అత్త దగ్గరే ఉంది. దాన్ని మడిచి మూడువైపులా కుట్టి సంచి చేశాను. లోపల దూరి పడుకుంటే పురుగు రాదు, జారిపోదు.

"నన్ను సంచిల ఏసి మూతి కడ్తవా? మీ నాయిన గిట్ల చెప్పి పంపిండా?"

గద్వాలలో అత్త ఇంటి మిద్దె మీద గుడారం వేశాం. గాలికి రెండుసార్లు లేచి పోబోతే, మూలకొకరు ఇరుగుపొరుగు వాడకట్టువాళ్లు పట్టుకున్నారు. అత్త లోపలికి పాకింది. సంచిలో దూరి కాళ్లు చాపుకుంది. తర్వాత గొంతు మాత్రం బయటికి వచ్చింది.

"అల్లుడా, దీంట్ల నిద్రొస్తది రా."

డిగ్రీ పాసైనప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. పాసైనప్పుడు, అన్నాను కదా, అది చాలా తర్వాత.

మూడింటినీ చుట్టి కిరాణా కొట్టుకు తీసుకుపోయి తరాజు ఎక్కించాం. రెండోవైపు రెండు కిలోల రాయి పెడితే మా ఇల్లు గాల్లోకి లేచింది. వాడకట్టంతా గోల. అత్త మూటను చిటికెన వేలికి తగిలించుకుని ఇంటింటికీ పోయి చూపించింది. ఆమె అంత గర్వంగా నడవడం కాలు విరిగాక అదే మొదలు. కథ చెడింది కూడా అక్కడే. నా ఘనతను నేను చూసుకోవడంలో ఉండి గమనించలేదు.

పౌర్ణమికి ముందురోజు లింగాలలో బస్సు దిగి, గద్వాలలో అత్త తనే కట్టుకొచ్చిన మూటను ఆమెకు అందిద్దామని ఎత్తబోయాను. మూట లేవలేదు, నేనే వంగాను. విప్పి చూశాను.

"ఇవేంది అత్తా?"

"టెంకాయలు."

"ఎవరియి?"

"వాడకట్టోళ్లయి. నీ మూట తేలికైంది గద అక్కా, మా పేరు మీద ఒకటి కొట్టు అన్నరు. పక్కింటామెది తీస్కోని, ఎదురింటామెది వద్దంటనా? కిరాణాయన తరాజు ఊకెనే ఇచ్చె, ఆయనయి రెండు."

"ఈడనే కొట్టుదం."

"ఈడ ఎవరున్నరు? బస్టాండు లింగమయ్యనా?"

నేను మోస్తానంటే వినలేదు. అడవిలో ఎండకు రాళ్లు కాలుతున్నాయి. ముందూ వెనకా కేకలు. అత్త నెత్తిన మూటతో, ఆగి ఆగి నడిచింది. లోయ అంచుకు వచ్చాం. నిరుటి బండ అక్కడే ఉంది. మోకాలు దాన్ని గుర్తుపట్టింది. అత్త కూర్చుంది.

ఆమె కాలు మీద చెయ్యి పెట్టుకుని కిందికి చూస్తోంది. దిగేవాళ్లు మమ్మల్ని తప్పుకుని దిగిపోతున్నారు.

అత్త మూట విప్పింది. టెంకాయలు తీసేస్తుందనుకున్నాను. గుడారం, ఫోమ్ తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇవి నువ్వు మొయ్."

"నీ మూట నువ్వే మొయ్యాలంటివి గద?"

"నా మూటనే మోస్తున్న. ఈ ఇల్లు నేనడిగిన్నా? నువ్వు జేసినవ్, నీది. టెంకాయలు నన్ను నమ్మి ఇచ్చిండ్రు, గవి నాయి."

చీర సంచిలో టెంకాయలు పోసి, పిల్లను కట్టుకున్నట్టు వీపున కట్టుకుంది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. లేచి నిలబడి, నిరుటినుంచి దాచిపెట్టిన కేక ఒక్కటి వదిలింది.

"వత్తన్నం లింగమయ్యో!"

ముందు పోతున్నవాళ్లు ఉలిక్కిపడి చూశారు. ఒక్కో బండ మీద కూర్చుంటూ, జారుతూ, తిడుతూ దిగింది. తిట్లన్నీ నాకే. వెనక నేను, ప్రతి కొమ్మకూ తట్టుకుంటున్న ఫ్రిజ్ దుప్పటితో.

దిగింది. గుహలో ఇంటిపేరు ఇంటిపేరు చెప్పి టెంకాయలు కొట్టించింది. సంచి ఖాళీ అయ్యాక లోపల చెయ్యి పెట్టి వెతికింది. మళ్లీ వెతికింది. వాడకట్టంతటికీ ఉన్నాయి, తన పేరు మీద ఒక్కటీ తెచ్చుకోలేదు.

ఒక క్షణం నా వైపు చూసింది. తర్వాత దేవుడి వైపు తిరిగి, కుడికాలు ముందుకు పెట్టి, మోకాలి మీద చరిచింది.

"ఇగో. నడిచి వస్తనన్న, వచ్చిన. చూస్కో."

పూజారి కూడా వంగి మోకాలు చూశాడు.

సగం చిప్పలు ప్రసాదంగా తిరిగి వచ్చాయి, కాబట్టి సగం బరువు మళ్లీ పైకెక్కింది. పైన గుడారం వేశాం. కోతులు ఎత్తుకుపోతాయని చిప్పలను ఫోమ్ మీద పేర్చి, మిగిలిన చోట అత్త ముడుచుకుని హాయిగా నిద్రపోయింది. నేను బయట బండ మీద. ఒక్క చినుకు కూడా పడలేదు.

పీచు తీసిన టెంకాయ ఒక్కోటి దాదాపు అరకిలో తూగుతుంది. తరాజులో నాలుగు పెడితే చాలు, మా ఇల్లు గాల్లోకి లేస్తుంది.