నాగమల్లేశ్వరి కొన్న కాటా

రేపల్లె దగ్గర పుట్టి, గుంటూరులో బీఎస్సీ చదివి, పెళ్ళయ్యాక సింగపూరు వచ్చిన నాగమల్లేశ్వరికి నలభై ఆరేళ్ళు. వన్-నార్త్‌లోని ఒక పరిశోధనశాలలో పదహారేళ్ళుగా టెక్నీషియన్‌గా చేస్తోంది. శాస్త్రవేత్తలకు కావలసిన పొడులను మిల్లీగ్రాము తేడా రాకుండా తూచి, చిన్న సీసాల్లో పోసి, చీటీ అంటించి ఇవ్వడం ఆమె పని. మనిషి నెమ్మది. పెద్దగా మాట్లాడదు. కానీ ఎవరైనా ఒక మాట అంటే మరిచిపోయే రకం కాదు. పదేళ్ళ క్రితం ఆడపడుచు తన పప్పుచారుకు వంక పెట్టిందని, ఆవిడ ఇంటికొచ్చిన రోజు ఇప్పటికీ పప్పుచారు కాయదు.

కూతురు తన్మయికి పదిహేనేళ్ళు. షూటింగ్ క్లబ్బులో ఎయిర్ పిస్టల్ నేర్చుకునేది. కోచ్ శ్యాంసుందర్ కూడా తెలుగువాడే. సెరంగూన్‌లో కాపురం. అతని కూతురు రుచితా, తన్మయీ ఒకే ఈడువాళ్ళు, మంచి స్నేహితులు. జూనియర్ జట్టులో ఒక్క చోటు ఖాళీ అయితే ఇద్దరూ పోటీ పడ్డారు. తన్మయి తొమ్మిది పాయింట్లు వెనకబడింది. చోటు రుచితకు దక్కింది.

ఓడిపోయినందుకు నాగమల్లేశ్వరి ఏమీ అనుకోలేదు. ఆమె మనసు పిస్టల్‌లో వేసే సీసపు గుళ్ళ మీదికి పోయింది. ఒక్కో గుండు అర గ్రాము పైచిలుకు ఉంటుంది. ఫ్యాక్టరీ డబ్బాలో గుళ్ళన్నీ ఒకే బరువుండవు. వాటిని ఒక్కొక్కటిగా తూచి, సరిసమానంగా ఉన్నవే ఏరి పెడతానని చెప్పి శ్యాంసుందర్ ఆ డబ్బాలను పిల్లలకు రెట్టింపు ధరకు అమ్మేవాడు. మూత మీద పెన్నుతో 0.530 నుంచి 0.535 గ్రాములని రాసేవాడు. తన్మయి వాడేదీ ఆ డబ్బాయే. పోటీ రోజున తన్మయి గురి కుదిరినట్టే ఉన్నా దెబ్బలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పోవడం తల్లి చూసింది.

మరుసటి శనివారం ఆమె అతని దగ్గరకెళ్ళి, వీటిని ఏ కాటా మీద తూస్తారండీ అని మర్యాదగానే అడిగింది. అతను పక్కనున్న తల్లిదండ్రుల వైపు తిరిగాడు.

"ఈవిడ లాబ్‌లో సీసాలు కడుగుతారు. ఇప్పుడు మనకు తూకం నేర్పుతారంట."

నలుగురూ నవ్వారు. తన్మయి తల దించుకుని బూట్ల లేసులు కట్టుకోసాగింది, అవి కట్టే ఉన్నా. నాగమల్లేశ్వరి కూతుర్ని తీసుకుని జురాంగ్ వెస్ట్‌లోని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం నోటికి పోలేదు. ఎవరి ముందు అన్నాడో వాళ్ళ ముందే వీణ్ణి నిలబెట్టాలి అనుకుంది.

లాబ్‌లో ఖరీదైన కాటాలున్నాయి. వాటిని సొంతానికి ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. పైగా పిల్లలు కొన్నవైనా సరే, గుళ్ళు క్లబ్బు గుమ్మం దాటకూడదని నిబంధన. కాబట్టి కాటాయే క్లబ్బుకు రావాలి, అదీ తన డబ్బుతో కొన్నదై ఉండాలి. వారం రోజులు రైల్లో పోతూ వస్తూ ఫోన్లో అదే వెతికింది. వంటింటి కాటాలు గ్రాముల దగ్గరే ఆగిపోతాయి. బంగారం తూచుకునే జేబు కాటా గ్రాములో వందో వంతు చూపిస్తుంది. ఆమెకు వెయ్యో వంతు కావాలి. అలాంటివి చవకలో దొరికే చోట, అమెరికాలో ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్ళు రాసిన అభిప్రాయాలు కనిపించాయి. ఇక్కడ ఆ పని చేస్తే నేరుగా జైలే. అయినా ఆమె వాటిని శ్రద్ధగా చదివింది. తూటాలో మందు కాస్త ఎక్కువ పడితే చెయ్యి ఎగిరిపోయే పని చేసేవాళ్ళు కాటా గురించి లేని గొప్పలు రాయరని ఆమె నమ్మకం.

మూడు తెప్పించింది. వాటితో వచ్చిన తూకపు రాళ్ళను నమ్మకుండా, ధ్రువపత్రం ఉన్న ఒక గ్రాము రాయిని విడిగా కొంది. అది కాటాల కంటే ఖరీదైంది. భర్త ఏమిటీ పిచ్చి అన్నాడు. ఫ్యాను ఆపి, ఫోన్లు అవతల గదిలో పెట్టించి, ఒక్కో కాటానూ అరగంట వేడెక్కనిచ్చి, అదే రాయిని ఇరవైసార్లు పెట్టి తీసింది. మొదటిది పెట్టిన ప్రతిసారీ కొత్త అంకె చూపింది. రెండోది నిలకడగానే ఉంది కానీ, కాగితపు నలుసులు ఒక్కొక్కటిగా వేస్తుంటే సున్నా దగ్గరే ఉండిపోయింది. చిన్న తేడాలను మింగేస్తోందన్నమాట. మూడోది ముప్పై ఎనిమిది డాలర్లది, చూడ్డానికి సబ్బుపెట్టెలా ఉంది, గాలి తగలకుండా పైన మూత ఉంది. ఇరవైసార్లలో పద్దెనిమిదిసార్లు సరిగ్గా చెప్పింది, రెండుసార్లు ఒక్క మిల్లీగ్రాము తప్పింది.

"నువ్వు చాలే నాకు," అంది దానితో.

కాటా కుదిరాక వచ్చిన శనివారం క్లబ్బులో తల్లిదండ్రుల సమావేశం. నాగమల్లేశ్వరి ముందుగానే వెళ్ళి, కమిటీ సభ్యుడు జనార్ధనరావుకు విషయం చెప్పింది. ఆయన రిటైరైన ఇంజనీరు, పిల్లలందరికీ అంకుల్. గొడవ ఇష్టం లేదు. కమిటీ గదిలో విడిగా మాట్లాడదామని నచ్చజెప్పబోయాడు.

"నన్ను విడిగా అనలేదండీ," అంది నాగమల్లేశ్వరి. "మీరు అంకెలు చదవండి చాలు."

అందరూ వచ్చి కూర్చున్నాక బల్ల మీద కాటా పెట్టి, ముందు రాయిని పదిసార్లు తూచి చూపించింది. శ్యాంసుందర్ దూరంగా నిలబడి, సబ్బుపెట్టెలాంటి బొమ్మతో కోర్టు పెట్టారని ఎగతాళి చేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె అతని చేతిరాత ఉన్న తన్మయి డబ్బా మూత తీసి, మూడు కాగితపు గిన్నెలు వరసగా పెట్టింది. తేలికవి ఎడమ గిన్నెలో, బరువువి కుడి గిన్నెలో, మూత మీద రాసినంత ఉన్నవి నడిమి గిన్నెలో వేస్తానంది. పటకారుతో ఒక్కో గుండూ తీసి పెడుతుంటే జనార్ధనరావు చదివాడు. 0.522. 0.541. 0.520. 0.543.

యాభై తూచేసరికి ఎడమ గిన్నె సగం, కుడి గిన్నె సగం నిండాయి. నడిమి గిన్నెలో ఒక్క గుండు లేదు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇతను అసలు తూచడం లేదని, ఫ్యాక్టరీ సరుకునే అంటగడుతున్నాడని ఇంతవరకు అనుకుంది. క్లబ్బులో ఉన్న సీలు తియ్యని ఫ్యాక్టరీ డబ్బా ఒకటి తెరిచి యాభై తూచింది. అందులో ముప్పైకి పైగా నడిమి గిన్నెలోనే పడ్డాయి. అంటే ఇతను తూచాడు. ఓపిగ్గా, ఒక్కొక్కటిగా తూచి, మంచివన్నీ తీసుకుని, ఏరగా మిగిలిన తాలు తన బిడ్డ చేతిలో పెట్టాడు.

"మధ్యవి ఎక్కడున్నాయి?" అని అడిగింది.

శ్యాంసుందర్ ఫ్యాక్టరీ లోపమన్నాడు, తర్వాత డబ్బాలు తారుమారయ్యాయన్నాడు. ఇంతలో రుచిత లేచింది. తన లాకరులోంచి పేరు రాయని డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"ఇవి డాడీ నాకిచ్చారు ఆంటీ. ఐ డిడింట్ నో."

నాగమల్లేశ్వరికి ఆ పిల్లను చూస్తే జాలేసింది. అయినా ఆపలేదు. ఆ డబ్బాలోవి ఇరవై తూచింది. ఇరవైకి ఇరవై నడిమి గిన్నెలో పడ్డాయి.

ఇంటికి వెళ్తున్నప్పుడు రైల్లో తన్మయి నాలుగు స్టేషన్ల దాకా బూట్ల లేసులు విప్పి కట్టుకుంటూ కూర్చుంది. చివరికి, "రుచిత ఏడ్చింది అమ్మా. యూ కుడ్ హావ్ స్టాప్డ్ లా," అంది సింగపూరు యాసలో. ఆగితే వాళ్ళ నాన్న ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడని తల్లి అంది. అంతకు మించి సర్ది చెప్పలేదు.

కమిటీ శ్యాంసుందర్‌ను తప్పించి, డబ్బాల అమ్మకం మాన్పించింది. పోటీ మళ్ళీ పెట్టారు, ఇద్దరికీ ఒకే డబ్బాలోంచి గుళ్ళిచ్చారు. రుచిత రెండు పాయింట్ల తేడాతో మళ్ళీ గెలిచింది. తన్మయి ముందుగా వెళ్ళి ఆమెను కావలించుకుంది. నాగమల్లేశ్వరి కూడా చప్పట్లు కొట్టింది. ఆమె కోపం ఎన్నడూ ఆ పిల్ల మీద కాదు.

శ్యాంసుందర్ క్షమాపణ చెప్పలేదు. కబురు పంపుతాడేమోనని ఆమె కొన్ని వారాలు చూసింది. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం రైల్లో ఎదురు సీట్లో కనిపించాడు. ఆమెను చూసి ఫోన్ తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు, కిటికీ వైపు తిరిగాడు. నాగమల్లేశ్వరి సంచీ ఒళ్ళో పెట్టుకుని అతని ముఖంలోకే చూస్తూ కూర్చుంది. తరవాతి స్టేషన్ రాగానే, అది సెరంగూన్ కాకపోయినా, అతను దిగిపోయాడు.

తలుపులు మూసుకునేదాకా ఆమె చూపు తిప్పుకోలేదు.