అర్షియా పంపిన బంతిపూల మెయిలు

నారాయణఖేడ్ బస్ డిపో వెనక సందులో, వాళ్ళమ్మ కుట్టుమిషను పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని జావాస్క్రిప్టు రాసే అమ్మాయి అర్షియా. ఆమె పనేమిటో తల్లి సాలెహా బేగానికి అంతు పట్టదు. అయినా అడిగినవాళ్ళకు "కంప్యూటర్ల కూసుంటది" అని గొప్పగా చెబుతుంది.

వానకాలం ముందు విత్తనాల దుకాణం సంగయ్య సేటు అర్షియాను పిలిపించాడు. ఏదో బట్టల కంపెనీ పంపిన రంగురంగుల మెయిలు ఆయన కంట పడింది.

"మన రైతులందరికి గసుంటిదే పోవాలె. నడుమ నా ఫోటో, సుట్టూత బంతిపూలు."

సర్వరు నుంచి అందరికీ తనంతట తానే మెయిలు పంపే ప్రోగ్రాం అర్షియా రాసేసింది. ప్రాణం తీసింది బంతిపూలే. మెయిలు చూడ్డానికి వెబ్ పేజీలా ఉన్నా దాని మర్యాదలన్నీ పాతకాలానివి. గళ్ళుగళ్ళుగా టేబుల్ కట్టి, ఏ గడి రంగు ఆ గడికే చెప్పుకోవాలి. ఒక్కో పువ్వూ కూర్చేసరికి ఆమె మెడ పట్టేసింది.

పరీక్షకని ముందు సేటు ఫోనుకే పంపింది. తెరిస్తే అన్నీ ఖాళీ డబ్బాలు.

"నా మొఖమేది?"

"కొత్తోల్ల మెయిలైతే ఫోను బొమ్మలు ఆపుతది సేట్. కింద 'బొమ్మలు చూపు' అని ఉన్నది, నొక్కుండ్రి."

"నా మొఖం చూసెతందుకు పర్మిషన్ కావాల్నా? ఖేడ్ల నన్ను ఎరుగనోడు ఎవడున్నడు?"

"ఫోను ఎరుగదు సేట్."

సేటు ఆలోచించి, ఫోటోను రెండింతలు చేయించాడు.

దుకాణం కార్డున్న రైతులందరికీ, కార్డుల జాబితాలో ఉన్న చిరునామాలకు, మెయిళ్ళు వెళ్ళాయి. పొద్దున చూస్తే ఒక్కటీ మిగలకుండా అన్నీ తెరిచినట్టు లెక్క వచ్చింది. సేటు పేడాలు పంచాడు. అర్షియా కూడా ఒకటి నోట్లో వేసుకుంది. అంతలో నెట్ సెంటర్ దత్తు వచ్చాడు.

"సేట్, నీ కాల్మొక్త, ఇగ ఆపు! ఫోన్ తెరుస్తే నువ్వే వస్తున్నవు. ఒక్కోదాంట్ల ఒక్కోటి ఉంటదేమోనని అన్నీ తెరిచిన. అన్నిట్ల నువ్వే!"

"నీకెందుకు వస్తయి?"

"నీ దుకాణం కార్డులకు రైతుల వివరాలు ఎక్కిచ్చింది నేనే గద. వాల్లకు మెయిల్ ఏడుంటది? అందరికి నాదే కొట్టిన."

అర్షియాకు పేడా గొంతులో అడ్డం పడింది. ప్రోగ్రాం రాసింది గానీ, ఆ చిరునామాలను ఆమె ఒక్కసారైనా చదవలేదు. చదివే పని లేకుండా ఉండాలనే కదా ప్రోగ్రాం రాసేది!

సేటు మాత్రం చలించలేదు.

"అండ్ల ఏం రాసున్నదిరా?"

"కంది విత్తనాలకు తగ్గింపు, ఐతారం దాంక," అన్నాడు దత్తు ఏడుపు గొంతుతో.

"బట్టీ వచ్చింది గద. ఇగ నీ కాడికి వచ్చినోల్లకు అదే చెప్పు."

దత్తు చెప్పాడు. ఆధార్‌కని వచ్చినవాళ్ళకూ, పొలం పహాణీ నకలుకని వచ్చినవాళ్ళకూ చెప్పాడు. మనూర్ నుంచి, కల్హేర్ నుంచి ఆటోల్లో దిగిన రైతులు దుకాణం ముందు బారులు తీరారు. అంతా మెయిలు మహిమేనని సేటు బజారంతా చాటాడు.

వారం తిరక్కుండా ఎరువుల కొట్టు ఎల్లప్ప, తనకూ అలాంటి మెయిలే కావాలని అర్షియా ఇంటికొచ్చాడు.

"మెయిలెందుకు కాకా? దత్తుకు ఓ మాట చెప్తే సరిపోతది," అంది అర్షియా నిజాయితీగా.

ఎల్లప్ప మొహం ముడుచుకుంది. "సంగయ్యకైతే బంతిపూలు, నాకైతే వట్టి మాటనా? నాకు గులాబీలు పెట్టు."

అర్షియా మెడకు ఇంత బామ్ రాసుకుని, మళ్ళీ గళ్ళు కట్టడం మొదలుపెట్టింది.