కుడివైపు చుక్కలు

ఏలూరులో నేనేం పని చేస్తానో మా వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. చెప్పక కాదు, అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పాను. తిమింగల సొరల మీద పని చేస్తానంటే కింద వాటాలో ఉండే ఇంటావిడ ఎంతో మర్యాదగా విని, "ఎన్ని ఎకరాల చెరువండీ?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. ఊరు దాటి కొల్లేరు వైపు వెళ్తే ఎటు చూసినా చేపల చెరువులే. చేప అన్న మాట చెవిన పడగానే ఇక్కడి మనిషి బుద్ధి మేత బస్తాల మీదకీ ఐసు లారీల మీదకీ పోతుంది. చెరువు కాదండీ, సముద్రం, బస్సంత చేప, దాన్ని ఎవరూ పెంచరు, అమ్మరు, చంపితే జైలు అని వివరించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి లాభమేంటండీ?" అంది. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

నా పని చెప్పుకోవడానికి పెద్దది, చూడ్డానికి ఏమీ ఉండదు. తిమింగల సొర ఒంటి నిండా తెల్లటి చుక్కలుంటాయి, ముగ్గు వేద్దామని పెట్టి మర్చిపోయిన చుక్కల్లా. ఏ రెండు సొరలకీ అవి ఒక్కలా ఉండవు. అందుకని తీరం పొడుగునా మాకు తెలిసిన మత్స్యకారులు, వలలో పడ్డ సొరని వల కోసి వదిలేసే ముందు ఒక ఫోటో తీసి నాకు పంపుతారు. మొప్పల వెనక, ఎడమవైపు తియ్యాలి. ఎడమవైపే ఎందుకయ్యా అంటే, అందరూ ఒకే వైపు తీస్తే తప్ప పోల్చడం కుదరదు గనక. నేను ఆ చుక్కల మీద గుర్తులు పెట్టి కంప్యూటర్‌కి ఇస్తాను. అది పాత ఫోటోలన్నీ వెతికి, ఇది మనం ఇదివరకు చూసినదేనా కాదా అని చెబుతుంది. ఆఖరి మాట మాత్రం కంటితో చూసి నేనే చెప్పాలి. పాతవి ఎంత తరచుగా మళ్ళీ కనిపిస్తున్నాయో దాన్నిబట్టి సముద్రంలో మొత్తం ఎన్ని ఉండొచ్చో లెక్క కడతారు. ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయాయో పటం మీద గీత గీస్తారు.

ఇంటావిడ భర్తకి కైకలూరు దగ్గర చెరువులున్నాయి. ఆయనకి ఈ లెక్క చెబితే వెంటనే అర్థమైంది. నాలుగు చోట్ల వల విసిరి చెరువు మొత్తాన్ని అంచనా కట్టడం ఆయనకి రోజూ చేసే పనే. "కాకపోతే మా చెరువుకి గట్టు ఉంటుందండీ. మీదానికి గట్టేదండీ?" అన్నాడు. పైకి నవ్వేశాను గానీ ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. నిజంగానే, మా దగ్గరున్న సొరల్లో ఒక్కసారి కనిపించి మళ్ళీ ఎప్పుడూ కనిపించనివే ఎక్కువ. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫోటో, అంతే. అవి బతికున్నాయో లేదో, ఉంటే ఎక్కడున్నాయో చెప్పడానికి ఎవరూ లేరు.

నేను ఎప్పుడూ ఇలా మేడ మీద గదిలో కూర్చుని పని చేసినదాన్ని కాను. నరసాపురం దగ్గర తీరంలో చాలా ఏళ్ళు పడవల మీదే తిరిగాను. ఒకసారి అల తగిలి పడవ అంచు మీద పడి నడుం విరిగింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు, "పడవ మాట ఇక మర్చిపోండమ్మా" అన్నారు, పచ్చళ్ళు మానెయ్యండి అన్నంత తేలిగ్గా. ఆఫీసువాళ్ళు మంచివాళ్ళు. ఉద్యోగం తీసెయ్యకుండా ఈ ఫోటోల పని ఇచ్చారు. ఆసుపత్రికి దగ్గరని ఏలూరులో గది తీసుకున్నాను. సీజనుకో ఊరు మారుతూ బతికినదాన్ని, పెళ్ళి మాట వాయిదా పడుతూ పడుతూ ఎప్పుడో ఆగిపోయింది. అమ్మ ముందు పోయింది. తాడేపల్లిగూడెంలో నాన్న కుట్టు దుకాణం ఉండేది, ఆయనతోనే అదీ మూతపడింది. రోజంతా నేను మాట్లాడే మనుషులు ఫోన్లో మత్స్యకారులు, మెట్ల దగ్గర ఇంటావిడ. ఆదివారం గుడికి వెళ్తే పక్కన కూర్చున్నవాళ్ళు నడుం ఎలా ఉందని అడుగుతారు. బాగానే ఉందండీ అంటాను. ఆ మాట అయిపోయాక వాళ్ళ దగ్గరా నా దగ్గరా ఇంకేమీ ఉండదు.

నడుం విరగడానికి ముందు సీజన్లో నేను నీళ్ళలో దిగి చూసిన ఆఖరి సొర ఒకటుంది. ఆడది. అలివి వలలో, అంటే ఒడ్డు మీంచి తాళ్ళతో లాగే పెద్ద వలలో చిక్కుకుంది. ఎడమ పక్కన పడవ ఉంది గనక నేను కుడి పక్కకి దిగాను. పడవ మీదున్నవాళ్ళు ఎడమవైపు ఫోటో తీసి, వీపు రెక్కకి సిగ్నల్ పంపే పరికరం బిగించారు. నేను కత్తితో వల కోస్తూ, మధ్యలో నా కెమెరాతో కుడివైపు ఒక ఫోటో తీసుకున్నాను. అది పనికోసం తీసింది కాదు, నా కోసం తీసుకున్నది. వల కోస్తున్నంతసేపూ అది కదల్లేదు. ఆఖరి ముడి తెగాక నా మోచేతిని రాసుకుంటూ మెల్లగా లోతుకి దిగిపోయింది. మర్నాడు మోచేతి దగ్గర చర్మం గీసుకుపోయి ఉంటే, ఆ గుర్తు కూడా మానిపోతుందేమోనని బాధపడ్డాను.

ఆ పరికరం కొన్నాళ్ళు బాగానే సిగ్నల్ పంపింది. సొర పైకి తేలినప్పుడల్లా పటం మీద ఒక చుక్క పడేది. దక్షిణంగా వెళ్ళింది, చెన్నై దాటింది, శ్రీలంక వైపు తిరిగింది. ఆపరేషన్ అయ్యి పడుకున్న రోజుల్లో ఆ చుక్క కోసం చూడ్డమే నాకు కాలక్షేపం. తర్వాత ఆగిపోయింది. పరికరం ఊడి ఉండొచ్చు, బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, సొరే ఏ ఓడ కిందో పడి చచ్చిపోయి ఉండొచ్చు. ఎంతకాలమైనా ఏ ఫోటోలోనూ అది కనిపించలేదు. ఈ మధ్య ఆన్‌లైన్ మీటింగులో మా పెద్దాయన, "దాని కథ ఇక ముగించేద్దామండీ. రిపోర్టులో చనిపోయి ఉండవచ్చు అని రాసేద్దాం" అన్నారు. కాస్త ఆగుదామండీ అన్నాను. ఎందుకని అడిగితే శాస్త్రం మాట్లాడాను. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు అని లెక్కల భాషలో చెప్పాను. అసలు కారణం మీటింగులో చెప్పేది కాదు. అది చచ్చిపోయిందని నా చేత్తో రాస్తే, సముద్రంలో నన్ను ఆనుకుని వెళ్ళిన ప్రాణి ఇంకొకటి మిగలదు. నాకు భయం వేసింది. రిపోర్టు పంపేవరకూ గడువిచ్చారు.

ఆ గడువులోనే నరసాపురం వైపు నుంచి ఒక ఫోటో వచ్చింది. పంపినాయన మాకు బాగా పాతవాడు, ఎన్నో సొరల్ని వల కోసి వదిలినవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఒక్కటే జబ్బు, ఫోటోలో తను కూడా ఉండాలి. నడుంలోతు నీళ్ళలో నిలబడి, వెనకాల సొర ఉండగా సెల్ఫీ తీసి పంపాడు. నాలుగు తిట్టుకుని, ఆయన పక్కన కనిపించినంత మేర చుక్కల మీద గుర్తులు పెట్టాను. కంప్యూటర్ ఏ పాత సొరతోనూ కలవలేదంది. నేనూ కంటితో పోల్చి చూశాను, నా సొర ఎడమవైపుతో ముందుగా. కాదు. ఆశపడ్డందుకు నా మీద నాకే విసుగేసి, కొత్తది అని రాయబోయాను.

అప్పుడు ఆయన చొక్కా చూశాను. ఎండకి పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. జేబు కుడివైపుంది. గుండీల పట్టీ ఆడవాళ్ళ జాకెట్టుకి కుట్టినట్టు తిరగేసి ఉంది. నాన్న దుకాణంలో కాజాలు కుట్టి పెరిగినదాన్ని, మగవాళ్ళ చొక్కా అలా కుట్టి ఇస్తే దుకాణం మీదకి తగువుకొస్తారని నాకు తెలుసు. ఇంకొకరైతే ఆ పట్టీ కేసి చూసేవాళ్ళే కారు. చొక్కాలో తేడా లేదు, ఫోటోలోనే ఉంది. ఆయన ఫోను సెల్ఫీని అద్దంలో చూసినట్టు తిప్పి దాచుకుంటుంది. అంటే నేను ఇంతసేపూ ఎడమవైపు అనుకుని పోల్చింది కుడివైపు.

ఫోటోని తిప్పాను. మా కంప్యూటర్లో కుడివైపు ఫోటోలు ఎక్కించనే లేదు. నా దగ్గర ఉన్నది ఒక్కటే. దాన్ని తెరిచి పక్కన పెట్టాను. మొప్పల వెనక ఐదు చుక్కలు, వాటి మధ్య ఖాళీ, ఆ ఖాళీ కింద జంటగా ఆనుకున్న రెండు చుక్కలు. రెండో ఫోటోలోనూ అవే. ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. మధ్యలో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. అదే. బతికే ఉంది.

ఎవరికైనా చెప్పాలి. కిందకి దిగాను. ఇంటావిడ వాకిట్లో చేపలు తోముకుంటోంది. "మా చేప దొరికిందండీ" అన్నాను. ఆవిడ నా మొహం చూసి కంగారుపడి, "పోయిందనుకున్నారాండీ? అమ్మయ్య, కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను" అంది. నీళ్ళు తాగాను. తర్వాత ఆవిడకి పనుంది. నేను పైకి వచ్చేశాను. ఆఫీసు గ్రూపులో రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, చనిపోలేదు అని రాశాను. అందరూ బొటనవేళ్ళు పెట్టారు. ఆ తర్వాత ఎవరో బడ్జెట్ సంగతి ఎత్తారు.

నరసాపురం ఆయనకి ఫోన్ చేశాను. ఒడ్డున గాలి హోరుగా వినిపిస్తోంది.

"ఏవండీ, ఫోటో బాలేదాండీ? నా మొహం లేకపోతే మావోళ్ళు నమ్మరండీ, అందుకని..."

"చాలా బాగుందండీ. అది నాకు తెలిసిన సొరేనండీ. నేను వల కోసినదే."

"అయ్యో, ముందే తెలిస్తే మీకు చూపించి వదిలేవాళ్ళం కదండీ."

"వద్దండీ. వెంటనే వదలడమే మంచిది. వెళ్ళేటప్పుడు ఎలా ఉందండీ?"

"శుభ్రంగా ఉందండీ. ఒక్కతే వచ్చింది, ఒక్కతే పోయింది. లోతుకి కొట్టేసిందండీ."

తర్వాత ఏం అడగాలో తెలియలేదు. పెట్టెయ్యబుద్ధి కాలేదు. ఆయనకీ అది అర్థమైనట్టుంది.

"ఈసారి పడితే వీడియో కాల్ చేస్తానండి. ఒక నిమిషం మీరే చూద్దురుగాని. కాకపోతే ఏ వేళప్పుడు పడుతుందో చెప్పలేమండీ, మీరు పనిలో ఉంటారేమో..."

"ఎప్పుడు చేసినా ఎత్తుతానండీ" అన్నాను. "నేను ఇంట్లోనే ఉంటాను."