బావ బయోడేటాలో పావురాలు

మా బావకి ఈత రాదు. చదరంగంలో గుర్రం ఎటు నడుస్తుందో తెలియదు. మొక్కలంటే ఇష్టమే కానీ, తెచ్చిన మూడో వారానికి అవి ఎండి ఊరుకుంటాయి. అయినా అతని బయోడేటాలు చూస్తే ఒకదాంట్లో ఈతగాడు, ఇంకోదాంట్లో చదరంగం ఆటగాడు, మరోదాంట్లో తోటమాలి. ఇదేం పిచ్చి అని ఏడాదిపాటు నవ్వాను. ఆ నవ్వు చివరికి ఎవరి మెడకు చుట్టుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు బావ సంగతి. మా అక్క భర్త. సాఫ్ట్‌వేర్ టెస్టరు, అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. ఇంట్లో కూడా ఆ బుద్ధి పోదు. లిఫ్టు ఎక్కితే అన్ని బొత్తాలూ నొక్కి చూస్తాడు. కొత్త గడియారం కొంటే రెండు రోజులు దాన్ని పాత గడియారం పక్కన పెట్టి కాపలా కాస్తాడు. అక్క వంట చేస్తూ "ఉప్పు సరిపోయిందా?" అంటే, ఒక్క చెంచాతో చెప్పలేను, గిన్నెలో పైనా అడుగునా కూడా చూడాలంటాడు.

ఏ కంపెనీలోనూ పర్మనెంటు కాదు. ఆరు నెలలు ఒకచోట, నాలుగు నెలలు ఇంకోచోట, అంతా కాంట్రాక్టు మీద. ఆ కాంట్రాక్టులు ఇప్పిస్తామంటూ ఫోన్లు చేసేది ఏజెంట్లు. ఇంతలా తప్పులు పట్టే మనిషీ ఏజెంటు గొంతు వినగానే పసివాడైపోయేవాడు. అడిగిన ప్రతి ప్రశ్నకూ పూర్తి జవాబు ఇవ్వకపోతే అతనికి తోచదు.

"మీ గురించి మంచిమాట చెప్పే పాత మేనేజర్ల నంబర్లు ఇవ్వండి సార్, అర్జెంటు" అన్నాడు ఒక ఏజెంటు. బావ ముగ్గురివి ఇచ్చాడు. ఎవరు ఏ వేళకి ఖాళీగా ఉంటారో కూడా చెప్పాడు. ఆ ఏజెంటు బావ గురించి వాళ్ళని ఒక్క ముక్క అడగలేదు. "మీకు మనుషులు కావాలా? మా దగ్గర బోలెడుమంది ఉన్నారు" అని వారం రోజులు వాళ్ళ ప్రాణం తీశాడు. బావకి చెప్పిన ఉద్యోగం అసలు లేనేలేదు. ముగ్గురిలో ఒకాయన ఆ విసుగులో బావ నంబరే బ్లాక్ చేశాడు.

తర్వాత ఇంకొకడు తగిలాడు. వాడికి నేను తేనెగొంతు అని పేరు పెట్టాను. "ఇంకెక్కడెక్కడ ఇంటర్వ్యూలున్నాయి సార్? మన తేదీలకి అడ్డం రాకూడదు కదా" అన్నాడు. బావ కంపెనీ పేరు, అంతస్తు, లోపల ఎవరిని కలవాలో, అన్నీ చెప్పాడు. మర్నాడు వెళ్ళేసరికి అక్కడ తేనెగొంతు పంపిన నలుగురు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకడు బావనే అడిగాడట, "లోపల ఏమేం అడుగుతారండీ?" అని. బావ చెప్పాడు కూడా.

ఇక నా సంగతి. అక్కావాళ్ళుండే బిల్డింగులోనే కింద నాకొక జిరాక్సు షాపుంది. ప్రింట్లు, లామినేషన్, పాస్‌పోర్టు ఫోటోలు. ఊళ్ళో సగం బయోడేటాలు నా మెషీనులోంచి వెచ్చగా బయటికొచ్చినవే. మొదటి రెండు లైన్లు చూస్తే చాలు, మనిషెవరో చెప్పేస్తాను. మనుషుల్ని చదవడం నాకు కొట్టినపిండి. అందుకే వీలు దొరికినప్పుడల్లా బావకి క్లాసు పీకేదాన్ని.

"బావా, ఎవడు ఏం చెప్పినా చెవిలో పువ్వు పెట్టించుకుని వస్తావేంటి? తియ్యగా మాట్లాడారంటేనే అనుమానించాలి."

"నిజమే మరదలా" అనేవాడు, తల వంచుకుని.

ఆ తర్వాతే బయోడేటాల చివర ఈ హాబీలు మొదలయ్యాయి.

"నీకు ఈత ఎప్పుడొచ్చింది బావా?"

"రాలేదు."

"మరి ఇదేంటి?"

"చివరి లైను అది. చివరి లైను దాకా చదివే ఏజెంటు ఇంకా పుట్టలేదు" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. చేతిలోని నీలం నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. ఒకరోజు నాకూ ఒక కాపీ ఇచ్చి, "ఇది నీ షాపులో ఉంచు. ఎవరైనా అడిగితే నాకు చెప్పు, కాగితం మాత్రం ఇవ్వకు" అన్నాడు. నాకా ఈ జాగ్రత్తలు చెప్పేది అని నవ్వి, దాన్ని సొరుగులో లామినేషన్ కవర్ల కింద పడేశాను.

నాలుగేళ్ళుగా బావకి దొరికినవన్నీ దూరాభారం పనులే. సోమవారం తెల్లారగట్ల రైలెక్కితే మళ్ళీ శుక్రవారం రావడం. గుమ్మం పక్కన నల్ల సంచి ఎప్పుడూ సర్దే ఉండేది. "ఆ సంచికైనా విసుగొస్తుందేమో గానీ ఈయనకి రాదే" అనేది అక్క. నవ్వుతూనే అనేది కానీ, శుక్రవారం రైలు ఆలస్యమైతే నా షాపులోకి వచ్చి ఊరికే కాగితాల కట్టలు సర్దుతూ కూర్చునేది.

అలాంటిది ఒకరోజు, మా వీధి చివరున్న బస్సుల కంపెనీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. టికెట్ మెషీన్లకి కొత్త ప్రోగ్రాము పెడుతున్నారు, ఏడాది పని. అక్కడి మేనేజరమ్మ ఒకప్పుడు బావతో కలిసి పనిచేసిందట. "గురువారం పదింటికి రండి. మధ్యలో ఏజెంట్లెవరూ వద్దు" అంది. అక్క ఆ సాయంత్రమే నల్ల సంచి ఉతికి ఆరేసి, ఆరాక మడతపెట్టి అటకెక్కించింది. నాకూ సంతోషమే, కానీ బయటపడతానా? "ఇక వారమంతా ఈ మొహమే చూడాలా అక్కా?" అన్నాను.

బుధవారం మధ్యాహ్నం బావ సర్టిఫికెట్ల కాపీల కోసం షాపుకొచ్చాడు. మెషీను తిరుగుతుండగా మేనేజరమ్మ ఫోను. మోతలో వినపడక స్పీకరు పెట్టాడు.

"మీ బయోడేటా ఒక ఏజెన్సీ నుంచి కూడా వచ్చిందండీ. ఒకే మనిషి రెండు దారుల్లో వస్తే రెండూ పక్కన పెట్టెయ్యాలి, అది మా రూలు. లేకపోతే రేపు ఆ ఏజెన్సీ కమిషనంటూ గొడవకొస్తుంది."

"నేనెవరికీ పంపమని చెప్పలేదండీ."

"మీరు ఒప్పుకున్నారనే వాళ్ళంటున్నారు. రేపు పదిలోపు అది బయటికెలా వెళ్ళిందో తేల్చండి. లేదంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

బావ ఫోను దగ్గరికి వంగాడు. "దాని చివర హాబీ అని ఏం రాసుందండీ?"

"హాబీయా?" కాగితాల చప్పుడు. "పావురాల పెంపకం."

బావ నీలం నోటుబుక్కు తీశాడు. ఒక పేజీ తిప్పాడు, చూశాడు, మూసేశాడు. నేనప్పటికే శివాలెత్తిపోతున్నాను. "ఆ తేనెగొంతుగాడే అయ్యుంటాడు! నంబరివ్వు, నేను కడిగేస్తా! ఎన్నిసార్లు చెప్పాను నీకు, నోటికి తాళం వేసుకోమని!"

"ఎవరో తెలియట్లేదు మరదలా" అన్నాడు నెమ్మదిగా. కాపీలు తీసుకోకుండానే మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆ కాపీలు పట్టుకుని పైకి వెళ్ళాను. అక్క స్టూలెక్కి అటక మీంచి నల్ల సంచి దించుతోంది. బావ స్నానానికి వెళ్ళాడు.

"తెలియట్లేదంటున్నారే" అంది అక్క, దుమ్ము దులుపుతూ. "తప్పెక్కడుందో తెలియట్లేదని ఈయన నోటివెంట నేనెప్పుడూ వినలేదు."

నోటుబుక్కు బల్ల మీదే ఉంది. తెరిచాను. ఒక్కో లైనులో ఒక హాబీ, ఎదురుగా ఆ కాపీ అందుకున్న మనిషి. ఈతకి ఎదురుగా తేనెగొంతు. చదరంగానికి ఎదురుగా పాత మేనేజర్ల నంబర్లు అడిగినవాడు. ఏ కాపీ ఎక్కడ తేలినా, ఎవరి చేతిలోంచి జారిందో దాని చివరి లైనే చెప్పేస్తుంది. అన్నిటికన్నా కింద, గుండ్రటి అక్షరాలతో, "పావురాల పెంపకం: మరదలి షాపు."

అప్పుడు గుర్తొచ్చింది. మూడు వారాల క్రితం ఒకావిడ ఫారాల ప్రింట్ల కోసం వచ్చింది. "అక్కా, మీ ప్రింటు ఎంత శుభ్రంగా ఉందో! అక్కా, ఇంత పని ఒక్కరే ఎలా చేస్తున్నారు?" అని ఒకటే పొగడ్త. కవరు కోసం సొరుగు లాగితే బావ బయోడేటా ఆవిడ కంటపడింది. తనకి ఏజెన్సీ ఉందనీ, ఇంటి దగ్గరే పని చూసిపెడతాననీ అంది. నేను మురిసిపోయి దాన్ని జిరాక్సు తీసి, పైసా పుచ్చుకోకుండా చేతిలో పెట్టాను. పని దొరికాక బావని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆనక ఆ సంగతే మరిచిపోయాను. కాగితం నా దగ్గర నెలల తరబడి ఉన్నా, చివరి లైను నేనూ చదవలేదు.

ఇన్నాళ్ళూ బావకి పాఠాలు చెప్పిన నోరు నాది. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకన్నా బాధేసిందేమిటంటే, అతనికి మధ్యాహ్నమే తెలుసు. అక్క ముందు నన్ను తక్కువ చెయ్యడం ఇష్టంలేక, చేతిదాకా వచ్చిన పని వదులుకుని మళ్ళీ రైలెక్కడానికి సిద్ధపడ్డాడు. అక్కకి ఏమీ చెప్పకుండా కాపీలు బల్ల మీద పెట్టాను. కిందికొచ్చేశాను.

గురువారం తొమ్మిదిన్నరకి, షాపు పెట్టిన ఇన్నేళ్ళలో మొదటిసారి పనివేళ షట్టరు దించి, బస్సుల ఆఫీసుకి వెళ్ళాను.

"మీరెవరండీ?" అంది మేనేజరమ్మ.

"ఆ పావురాలు నావేనండీ" అన్నాను. ఆవిడ మొహం చూశాక మొదటినుంచీ చెప్పుకొచ్చాను. ఆ హాబీ ఉత్త గుర్తు, కాగితం ఇచ్చింది నేను, మా బావకి తెలియదు, పప్పులో కాలేసింది నేను. తప్పు నాదని ఒప్పుకోవడం నాకే కొత్త.

ఆవిడ ఆ ఏజెన్సీకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

"మీరు పంపిన టెస్టరుతో స్వయంగా మాట్లాడారా?"

"మాట్లాడాను మేడమ్, నిన్న కూడా గంటసేపు!" నా షాపులో విన్న గొంతే.

"పావురాలు పెంచుతారని రాసుంది?"

"అయ్యో, ప్రాణం మేడమ్ ఆయనకి! డాబా మీద ఇరవై ఉన్నాయట. ఫోన్లో వాటి కూతలు కూడా వినిపించాయి!"

బాల్కనీలో ఒక్క పావురం వాలితే చీపురు పట్టుకుని తరిమే మనిషి మా బావ. మేనేజరమ్మ ఫోను పెట్టేసి, ఏజెన్సీ పంపిన కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది. సరిగ్గా అప్పుడే బావ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు, తేల్చలేకపోయానని చెప్పడానికి. కుర్చీలో నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నోటుబుక్కు బల్ల మీద పెట్టి వెళ్ళకూడదు బావా" అన్నాను.

పని బావకే వచ్చింది. అక్కకి నేనే చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా. ఇరవై పావురాల దగ్గర పడీపడీ నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, స్టూలెక్కి నల్ల సంచిని మళ్ళీ అటక మీద పడేసింది.

సోమవారం ఉదయం ఆఫీసుకి నడిచి వెళుతూ బావ షాపు దగ్గర ఆగాడు. ఒక కాగితం నా ముందు పెట్టాడు. కొత్త బయోడేటా.

"ఏడాది తర్వాత మళ్ళీ కావాలి కదా. నీ దగ్గర ఉంచు."

"మళ్ళీ నా దగ్గరా?"

"ఇంకెవరి దగ్గర పెట్టను?" అనేసి వెళ్ళిపోయాడు.

ఈసారి చివరి లైను ముందు చూశాను. హాబీ లేదు. వెనక్కి తిప్పాను, పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికాను. ఎక్కడా ఏ గుర్తూ లేదు. కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను.